సంతకం వస్తే చదువొచ్చినట్టేనా, పని వస్తే బడి అక్కర్లేనట్టేనా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. మీ అమ్మగారు మూడో తరగతితో బడి మానేశారు, ఇప్పుడు ఒక వాక్యం కూడబలుక్కోవడమే కష్టం, అయినా పాడి లెక్క, కౌలు లెక్క, చీటీపాట లెక్క అన్నీ ఆవిడ నోటిమీదే ఉంటాయి. మీ తమ్ముడు బీటెక్ చేశాడు, బ్యాంకులో ఒక ఫారం ఇచ్చి నింపమంటే మీ మొహం చూస్తాడు. మీ అబ్బాయి తొమ్మిదో తరగతి, పుస్తకం తెరిస్తే నిద్ర, ఏసీ మెకానిక్ షాపులో కూర్చుంటే మాత్రం రాత్రి పదైనా లేవడు. వాణ్ణి బడి మాన్పించి ఆ షాపులోనే పెట్టేద్దామని మీ ఆయన అంటున్నారు. ఇంతకీ చదువంటే ఏది, అక్షరాస్యులంటే ఎవరు అని మీ ప్రశ్న.

నేను నెల్లూరు జిల్లాలో అక్షర దీపం అనే అక్షరాస్యతా ఉద్యమం రోజుల్లో వాలంటీరుగా మొదలై, ఆ తర్వాత వయోజన విద్య పనిలోనే ఉండి రిటైరయ్యాను. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను, ఓపిక పట్టండి. సమాధానం మాత్రం ముందే చెప్పేస్తున్నా: పిల్లాణ్ణి పది అయ్యేదాకా బడి మాన్పించొద్దు. అమ్మగారిని చదువురానిదని చిన్నబుచ్చొద్దు, అలాగని "ఆవిడకి లోకజ్ఞానం ఉంది, ఈ వయసులో అక్షరాలెందుకు" అని వదిలేయనూ వద్దు. ఈ రెండో మాట వింటే నాకు మొదటి మాటకన్నా ఎక్కువ ఒళ్లు మండుతుంది, ఎందుకో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ప్రభుత్వం లెక్కతో మొదలుపెడదాం, సగం గందరగోళం అక్కణ్ణుంచే వస్తుంది. జనగణనలో ఏడేళ్లు నిండిన మనిషి ఏ భాషలోనైనా అర్థం చేసుకుంటూ చదివి, రాయగలిగితే అక్షరాస్యుడు. బడికెళ్లాడా లేదా అన్నది దానికి అనవసరం. బాగానే ఉంది, కానీ లెక్క రాసుకోడానికి వచ్చినవాళ్లు ఎవరి చేతికీ కాగితం ఇచ్చి చదివించరు. గుమ్మంలో ఎవరు కనబడితే వాళ్లని అడుగుతారు. "మీ ఆవిడకి చదవడం రాయడం వచ్చా?" "ఆ, వచ్చు సార్, సంతకం పెడుతుంది." అయిపోయింది, ఊళ్లో ఇంకో అక్షరాస్యురాలు పెరిగింది. 1991 లెక్కల్లో మన ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యులు 44 శాతం, ఆడవాళ్లలో చూస్తే మూడోవంతుకి కాస్త తక్కువ. 2011కి వచ్చేసరికి 67 శాతం. పెరిగిన మాట నిజం, పెరగడం నేను చూశాను కూడా. ఆ 67లో ఉత్త సంతకాలు ఎన్నో మాత్రం ఆ అంకె చెప్పదు.

1988లో జాతీయ సాక్షరతా మిషన్ పెట్టినప్పుడు ఇంతకన్నా గట్టి కొలతే రాసుకున్నారు. పైకి చదివితే నిమిషానికి 30 మాటలు, లోలోపల చదువుకుంటే 35. నూరు దాకా అంకెలు రాయాలి, మూడంకెల కూడికలు తీసివేతలు, రెండంకెల గుణకారం భాగహారం, తూకాలు, కొలతలు, వడ్డీ లెక్క రావాలి. ఇదంతా మూడు వాచకాల్లో, సుమారు 200 గంటల్లో నేర్పాలని లెక్క. ఇప్పుడు ఉల్లాస్ పేరుతో నడుస్తున్న వయోజన విద్య కార్యక్రమంలో పరీక్ష 150 మార్కులకి, చదవడం, రాయడం, లెక్కలు తలా 50. ఈ కొలతలు పెట్టుకుని చూస్తే అమ్మగారికి లెక్కల్లో 50కి 45 వస్తాయి, చదవడంలో తప్పుతారు. మీ తమ్ముడికి మూడింట్లోనూ పూర్తి మార్కులు. అయినా బ్యాంకులో చూడబోతే ఆవిడే ధీమాగా ఉంటుంది, వాడు చెమటలు పడతాడు. కొలత తప్పని కాదు నేననేది, అది కొలిచేది ఒక భాగాన్నే.

ఆ మిషన్ కాగితాల్లోనే ఇంకో మాట ఉండేది, దాన్ని చాలామంది చదివి దాటేశారు. తమ లేమికి కారణాలేమిటో తెలుసుకుని, నలుగురితో కలిసి దాన్ని మార్చుకునే దిశగా కదలడం కూడా అక్షరాస్యతలో భాగమేనని. రాసినవాళ్లు ఏ ఉద్దేశంతో రాశారోగానీ మా జిల్లాలో ఆడవాళ్లు దాన్ని నిజం చేసి చూపించారు. కలిగిరి మండలం దూబగుంట పేరు మీరు వినే ఉంటారు. రాత్రి బడిలో కూర్చున్న ఆడవాళ్లు, పగలంతా కూలి చేసొచ్చినవాళ్లు, మగవాళ్ల కూలి డబ్బు సాయంత్రానికి ఎటు పోతోందో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. సారా దుకాణం దగ్గరికి అందరూ కలిసి వెళ్లి ఊళ్లో సారా ఆపించారు. రోశమ్మగారు ముందు నడిచారు. ఆ కథే తర్వాతి వాచకంలో పాఠమై మిగతా ఊళ్లకి వెళ్లింది. 1992లో జిల్లా అంతా సారా వేలం పాటలు అడ్డుకోవడం, దుకాణాల ముందు బైఠాయింపులు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని ఎత్తేయడం అందరికీ తెలిసిన సంగతులే. సారా మీద వచ్చే ఆదాయంతో ఖజానా నింపుకునే ప్రభుత్వమే చదువుకోండమ్మా అని వాచకాలు పంచింది, చదువుకున్నవాళ్లు మొట్టమొదట ఆ ఆదాయానికే ఎసరు పెట్టారు. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది నాకు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ ఉద్యమంలో ముందున్న చాలామంది ఆడవాళ్లకి అప్పటికి వాచకం పూర్తికాలేదు. మొదటి పుస్తకం సగంలో ఉన్నవాళ్లే ఎక్కువ. "చూశారా, అక్షరాలు రాకుండానే ఉద్యమం చేశారు, ఇక అక్షరాలెందుకు?" అని అప్పట్లో సెమినార్లలో మాట్లాడినవాళ్లున్నారు. బడి ఆ ఆడవాళ్లకి ఇచ్చింది ముందుగా ఒక చోటు. ఇంటి పనీ పొలం పనీ కాని ఇంకో పని మీద, మగవాళ్లు అడ్డు చెప్పడానికి వీల్లేని పేరు మీద, రోజూ రాత్రి గంటన్నర కూర్చునే చోటు. అది లేకపోతే దూబగుంట లేదు. అలాగే అక్షరాల సంగతి అక్కడితో తేలిపోలేదు కూడా.

ఎందుకంటే రెండు మూడేళ్లు తిరిగేసరికి చాలా ఊళ్లలో నేర్చుకున్నది ఆవిరైపోయింది. వాచకం అయిపోయాక చదవడానికి ఇంట్లో ఏముంది? పేపరు రాదు, ఉత్తరాలు రావు, గోడమీద రాతలు చూస్తే ఎన్నికల నినాదాలు. నాట్లు, కోతలు వచ్చాయంటే రెండు నెలలు బడి ఉండదు, మళ్లీ మొదలుపెట్టేసరికి ఒత్తులు పోయేవి, ఆ తర్వాత గుణింతాలు, చివరికి సంతకం మిగిలేది. ఎక్కడ నిలిచిందో కూడా చెబుతాను. సారా ఉద్యమం తర్వాత మా జిల్లాలో పొదుపు లక్ష్మి అని మొదలైంది, రోజుకో రూపాయి దాచుకునే సంఘాలు. సంఘానికి ఒక పుస్తకం, పుస్తకంలో పేర్లు, పేర్ల ఎదురుగా అంకెలు. ఏ ఊళ్లో ఆ పుస్తకం ఆడవాళ్లే రాసుకున్నారో ఆ ఊళ్లో అక్షరాలు బతికాయి. ఎక్కడ ఊళ్లో చదువుకున్న కుర్రాడి చేత రాయించుకున్నారో అక్కడ పోయాయి. పదేళ్ల తర్వాత వెళ్లి చూసినా ఆ తేడా కనబడేది. అక్షరం వాడుకలో ఉంటేనే ఉంటుంది, బడిలో నేర్చుకున్నా రాత్రి బడిలో నేర్చుకున్నా.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే సంగతికి వస్తాను. ఒక ఊళ్లో ఒక సంఘం. పది మంది ఆడవాళ్లు, ఒక్కరికీ సరిగ్గా చదవడం రాదు, కానీ ఎవరెంత కట్టారో రూపాయి తేడా లేకుండా పదిమందికీ కంఠతా వచ్చు. బ్యాంకు అప్పు వాయిదాలు నెలనెలా వసూలు చేసి కట్టే బాధ్యత ఒకరి చేతిలో పెట్టారు. ఏడాది తిరిగాక బ్యాంకు నుంచి నోటీసు వచ్చింది, అయిదు వాయిదాలు పడలేదని. ఆడవాళ్లంతా ఏ నెల, ఏ వారం, ఎవరి ఇంటి అరుగుమీద కూర్చుని ఎంతిచ్చారో గడగడా చెప్పారు, ఒక్కరి మాటా తప్పు కాదు. పాసు పుస్తకం మాత్రం వేరే చెప్పింది. ఆ పుస్తకం ఏడాది పొడుగునా వాళ్ల మధ్యే ఉంది, చేతులు మారింది, బీరువాలో పసుపు కుంకుమ పెట్టి దాచారు. దాంట్లో ఏముందో తెలియలేదు, అంతే. చివరికి ఆ అయిదు వాయిదాలూ వాళ్లే మళ్లీ కట్టారు.

వాళ్లకి తెలివి లేదనగలమా? లెక్క రాదనగలమా? అందుకే నేను అక్షరాస్యతని ఒకే ఒక్క ప్రశ్నతో చూస్తాను. మనకి సంబంధించిన కాగితం మీద ఏముందో తెలుసుకోవడానికి ఇంకో మనిషి నిజాయితీ మీద ఆధారపడాలా, వద్దా? ఆధారపడక్కర్లేదు అంటే అక్షరాస్యులు. పాసు పుస్తకం, 1బి, అడంగల్ లాంటి భూమి కాగితాలు, ఆస్పత్రి చీటీ, మందు షీటు మీద గడువు తేదీ, ఫోన్‌కి వచ్చిన మెసేజీ, కౌలు ఒప్పందం. బడిలో ఎంత చదివారు, లోకం ఎంత చూశారు అన్నవి ఈ ప్రశ్నకి పక్క విషయాలు.

పనిలో ఉన్న జ్ఞానాన్ని తక్కువ చేస్తున్నానని అనుకోకండి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఉన్నారు, ఎక్కువమంది దళిత రైతులు. ఒకే చేనులో పది పదిహేను రకాల పంటలు కలిపి వేయడం, విత్తనం దాచడం, ఏ నేలకి ఏ జొన్న అన్నది వాళ్ల దగ్గర ఉన్నంత వ్యవసాయ కళాశాలలో దొరకదు. బడి మొహం చూడని ఆడవాళ్లు అక్కడ కెమెరా పట్టి సినిమాలు తీశారు, 2008 నుంచి మాచనూరులో సొంతంగా సంఘం రేడియో నడుపుతున్నారు. కెమెరా, మైకు నేర్చుకోడానికి అక్షరం అడ్డం రాలేదు. నేను దండం పెట్టేది వాళ్లకే. కానీ "అక్షరాలు లేకపోతేనేం, ఎంత గొప్ప జ్ఞానం" అని ఈ ఆడవాళ్ల గురించి వ్యాసాలు రాసేవాళ్లందరూ తమ పిల్లల్ని మంచి బడుల్లో వేసినవాళ్లే, గమనించండి. ఆ పొలాల్లో పనిచేసే ఏ తల్లిని అడిగినా తన కూతురు మాత్రం చదువుకోవాలనే అంటుంది. జ్ఞానం ఉండటం, కాగితం ముందు నిస్సహాయంగా ఉండకపోవడం రెండూ వేరు వేరు అవసరాలు, రెండూ కావాలి.

లెక్క దగ్గర ఇంకో చిన్న సంగతి. బ్యాంకువాడు 12 శాతం అంటే అమ్మగారు "రూపాయి వడ్డీ" అని చటుక్కున చెబుతారు, నూటికి నెలకి రూపాయి. మీ తమ్ముడు ఫోన్‌లో కాల్‌క్యులేటర్ తీస్తాడు. ఇంతవరకూ ఆవిడదే పైచేయి. అదే 12 శాతాన్ని ఫ్లాట్ అని చెప్పి నెలనెలా వాయిదాలు కట్టించుకుంటే? అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే లెక్కగడతారు కాబట్టి, ఏడాది అప్పుకి నిజమైన వడ్డీ 21, 22 శాతం దాకా పోతుంది. అంటే దాదాపు రెండు రూపాయల వడ్డీ. ఇది అమ్మగారి నోటి లెక్కకీ దొరకదు, తమ్ముడి డిగ్రీకీ దొరకదు. సూక్ష్మరుణ కంపెనీల అప్పుల్లో జనం నలిగిపోయి ఆత్మహత్యల దాకా పోయాక 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది, అందులో వడ్డీ ఎంతో ఆఫీసులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలని ఒక షరతు. బోర్డు పెట్టారు సరే, చదివేదెవరు, చదివినా ఫ్లాటో కాదో అడిగేదెవరు? బడి అయిపోయాక కూడా నేర్చుకుంటూ ఉండాలనడానికి నాకు తెలిసిన గట్టి కారణం ఇదీ. మోసం కొత్తగా తయారవుతూ ఉంటుంది, మన చదువేమో పాతబడుతూ ఉంటుంది.

ఇప్పుడు మీ అబ్బాయి. బడి దండగ, పని నేర్చుకుంటే చాలు అనేవాళ్లు ఒకటి మర్చిపోతారు, మన దేశంలో పని వచ్చినా కాగితం అడుగుతారు. అది న్యాయమా అంటే చాలాసార్లు కాదు. లారీ, ఆటో, బస్సు లాంటివి నడపడానికి లైసెన్సు కావాలంటే 8వ తరగతి పాసై ఉండాలని కేంద్రం నియమం ఉండేది, 2019లో తీసేశారు. అంతవరకూ ఇరవై ఏళ్లు స్టీరింగ్ పట్టినవాడు కూడా ఆ కాగితం లేక నిలబడిపోయాడు. హర్యానాలో 2015లో పంచాయతీ ఎన్నికల్లో నిలబడాలంటే ఇంత చదువుండాలని చట్టం చేశారు, సుప్రీంకోర్టు కూడా అదే ఏడాది డిసెంబరులో సరేనంది. నాకది మింగుడు పడలేదు. 1951-52లో మొదటి ఎన్నికలు జరిగేనాటికి దేశంలో చదువొచ్చినవాళ్లు అయిదుగురిలో ఒకరు కూడా లేరు, గుర్తులు పెట్టి మరీ అందరిచేతా ఓట్లు వేయించిన దేశం ఇది. దూబగుంట ఆడవాళ్లకి ఆ చట్టం వర్తింపజేస్తే వార్డు మెంబరుగా కూడా పనికిరారు.

న్యాయం సంగతి అలా ఉంచితే, మీ వాడి బతుకు ఆ నియమాల మధ్యే గడవాలి కదా. పది పాస్ కానివాడు గల్ఫ్ దేశాలకి పనికి వెళ్లాలంటే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది, ఎమిగ్రేషన్ అనుమతి తెచ్చుకోవాలి. పది పాసైనవాడికి ఆ బాధ లేదు. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, రాయచోటి వైపు ఎవర్నడిగినా ఆ ముద్ర చుట్టూ ఏజెంట్లు ఎంత తింటారో చెబుతారు. ఏసీ మెకానిక్‌కి గల్ఫ్‌లో పని దొరకదా అంటే బ్రహ్మాండంగా దొరుకుతుంది. అందుకే చెబుతున్నా, ఆ ఒక్క కాగితం ఇప్పుడు పోగొట్టుకోవద్దు.

కాగితం మాట పక్కన పెట్టినా ఆ పనికే చదవడం కావాలి. మీ వాడు కూర్చునే షాపులో ఒకసారి చూడమనండి. పాత ఏసీలో ఆర్-22 గ్యాసు, ఇప్పటి వాటిలో ఆర్-32, మధ్యలో ఆర్-410ఏ. ఆర్-32 కి కొంచెం మండే గుణం ఉంది, దాని దగ్గర వెల్డింగ్ చేసే పద్ధతి వేరు. ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం, దాన్ని ద్రవంగానే ఎక్కించాలి, లేదంటే పాళ్లు మారిపోతాయి. ఎంత ఎక్కించాలన్నది గ్రాముల్లో యూనిట్ స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. చేత్తో పైపు పట్టుకుని "చల్లబడింది, చాలు" అనే మెకానిక్‌కీ, స్టిక్కర్ చదివి తూకం పెట్టి ఎక్కించేవాడికీ కరెంటు బిల్లులో తేడా కనబడుతుంది, కంప్రెసర్ ఎన్నేళ్లుంటుంది అన్న దాంట్లో ఇంకా ఎక్కువ కనబడుతుంది. ఇన్వర్టర్ ఏసీలో లోపం వస్తే తెరమీద ఒక కోడు చూపిస్తుంది, ఆ కోడుకి అర్థం కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది, మాన్యువల్ ఇంగ్లీషులో. చదవలేని మెకానిక్ బోర్డు మొత్తం మార్చాలంటాడు. చదివినవాడు ఒక సెన్సర్ మార్చి పంపిస్తాడు. వాడికి ఈ మాట షాపు ఓనరు చేత చెప్పించండి, మీరు చెబితే వినడు.

దారి చెబుతాను. సెలవుల్లో, ఆదివారాలు వాణ్ణి షాపులో కూర్చోనివ్వండి, అది శిక్షలా కాకుండా నిజంగా నేర్చుకోవడానికి. పద్నాలుగు నిండకుండా పనిలో పెట్టడం చట్టరీత్యా నేరం, నిండాక కూడా ప్రమాదకరమైన పనుల్లో పద్దెనిమిది దాకా పెట్టకూడదు, గ్యాసు సిలిండర్లు, డాబా అంచున అవుట్‌డోర్ యూనిట్లు ఉన్నచోట ఆ జాగ్రత్త ఊరికే పెట్టింది కాదు. పది అయ్యాక ఐటీఐలో రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ ట్రేడ్ రెండేళ్లు, లేదా పాలిసెట్ రాసి పాలిటెక్నిక్. ఒకవేళ బడిలో పది తప్పినా, నిజంగా కూర్చోలేకపోయినా ఓపెన్ స్కూల్ ఉంది, ఆంధ్రలో ఒకటి, తెలంగాణలో ఒకటి, కేంద్రానిది ఎన్ఐఓఎస్ ఒకటి. పద్నాలుగు నిండితే పదికి కట్టొచ్చు, సబ్జెక్టులు ఒకేసారి కాకుండా విడివిడిగా పాసవ్వచ్చు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే పెట్టారు, ఇప్పటి అంబేద్కర్ యూనివర్సిటీ. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి అక్కడ డిగ్రీ చేసినవాళ్లు మా డిపార్ట్‌మెంటులోనే ఉండేవాళ్లు, బస్ కండక్టర్లు, కానిస్టేబుళ్లు కూడా. తలుపు ఎప్పటికీ మూసుకోదు, కానీ ముప్పై దాటాక ఇల్లూ పిల్లలూ మీదపడ్డాక ఆ తలుపు దాకా నడవడం ఎంత కష్టమో వాళ్లనడగండి.

మీ తమ్ముడి గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. వాడికి చదవడం వచ్చు, ఫారం ఎప్పుడూ ముట్టుకోలేదు, అంతే. పదిహేను నిమిషాలు పక్కన కూర్చుంటే వచ్చేస్తుంది, మీరు నింపిపెట్టడం మానేస్తే ఇంకా త్వరగా వస్తుంది. నాకు బెంగ పుట్టించేది వేరే. ప్రథమ్ సంస్థ 2005 నుంచి ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లలచేత చదివిస్తోంది, అసర్ సర్వే అంటారు. జనగణనలో లేని ఆ పని వీళ్లు చేశారు, కాగితం చేతికిచ్చి చదవమన్నారు. 2018లో దేశం మొత్తం మీద గ్రామాల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు సగం మంది, కరోనా తర్వాత 2022లో 43 శాతం. రోజూ బడికి వెళ్తున్న పిల్లలు వీళ్లు. ఇందులో చాలామంది తర్వాత పది పాసవుతారు, గైడ్లు బట్టీపట్టి. మీ వాడికి పుస్తకం చూస్తే నిద్ర వస్తుందంటున్నారు కదా, ఒక పని చేయండి, తిట్టకుండా, పరీక్షలా కాకుండా, ఈవేళ్టి పేపర్లో వాడికిష్టమైన క్రికెట్ వార్త పైకి చదవమనండి. తడబడకుండా చదివితే వాడిది బద్ధకమే. ప్రతి మాట దగ్గరా ఆగుతున్నాడంటే వాడు తొమ్మిదేళ్లుగా చదవడం సరిగ్గా రాకుండానే నెట్టుకొస్తున్నాడన్నమాట, నిద్ర రాక ఏమవుతుంది? అప్పుడు ట్యూషన్ మార్చడం వల్ల లాభం లేదు, రోజూ అరగంట పైకి చదివించాలి, ఏదైనా సరే, ఏసీ మాన్యువల్ అయినా సరే.

అమ్మగారి విషయం చివరికి ఉంచాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి. ఆవిడకి అ ఆ ఇ ఈ లతో మొదలుపెట్టొద్దు. యాభై ఏళ్ల మనిషిని పలక ముందు కూర్చోబెట్టి అమ్మ, ఆవు అంటే మనవడి ముందు సిగ్గుపడి లేచిపోతుంది. అన్నిటికన్నా ముందు కళ్లు చూపించండి. నలభై దాటాక చత్వారం అందరికీ వస్తుంది, రాత్రి బడుల్లో "నాకు బుర్రకెక్కదు సార్" అని మానేసిన ఆడవాళ్లలో ఎంతమందికి అసలు అక్షరం కనబడేదే కాదో. దగ్గరి చూపు అద్దాలు ఇప్పుడు రెండు మూడు వందలకి దొరుకుతున్నాయి, ఆ రోజుల్లో మాకు అదే తట్టి ఉంటే సగం మంది నిలిచేవాళ్లు.

ఆ తర్వాత అంకెలు. ఆవిడకి లెక్క వచ్చు కాబట్టి అంకె రాయడం వారంలో వస్తుంది, మా నెల్లూరు ఆడవాళ్లకి అంకణం అంటే 36 చదరపు అడుగులని ఎవరూ నేర్పక్కర్లేదు, దాన్ని కాగితం మీద పెట్టడమే కొత్త. పాసు పుస్తకంలో జమ ఏ గళ్లో ఉంటుంది, ఖర్చు ఏ గళ్లో, నిల్వ ఎక్కడ అన్నది చూపించండి. మందు షీటు మీద నెల, సంవత్సరం. అంకెలు చదవడం వచ్చినరోజు ఆవిడకి ధైర్యం వస్తుంది, చదువు సగం అదే.

అప్పుడు పేర్లు. ఆవిడ ఫోన్‌లో పేర్లన్నీ తెలుగులో మార్చి పెట్టండి, ఫొటోలు తీసేయకుండా. రోజూ చేసే పది నంబర్ల పేర్లు ఆకారం బట్టే గుర్తుపడుతుంది మొదట, తర్వాత వాటిలో అక్షరాలు విడదీసి చూపించవచ్చు. ఆ కాలపు మా వాచకాలు కూడా మాటతో మొదలై అక్షరానికి వచ్చేవి, పెద్దవాళ్లకి అదే పనిచేస్తుంది. ఊరి పేర్లు, బస్సు బోర్డులు, పాల కేంద్రం చీటీలో మాటలు, సంఘం తీర్మానం పుస్తకంలో పేర్లు. ఆవిడ ఏం చదవాలనుకుంటుందో ఆవిణ్ణే అడగండి, మీరు నిర్ణయించకండి. ఒకావిడ మా దగ్గర రేషన్ కార్డులో తన పేరు సరిగ్గా రాశారో లేదో చూసుకోవడానికే వచ్చింది, అది అయ్యాక ఇంక రానంది, మేమూ బలవంతం చేయలేదు.

ఒక చిక్కు ఉంది. ఇప్పుడు తెలుగు ఒక్కటీ వస్తే చాలడం లేదు. బ్యాంకు మెసేజీలు ఇంగ్లీషులో, మందుల పేర్లు ఇంగ్లీషులో, ఓటీపీ ఇంగ్లీషులో. అందుకని డెబిట్, క్రెడిట్ అనే రెండు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా ఉంటాయో బొమ్మలా గుర్తుపెట్టించండి, ఒకటి పోయింది, ఒకటి వచ్చింది. ఓటీపీ ఎవరడిగినా, మీరు ఫోన్ చేసి అడిగినా సరే, చెప్పొద్దని చెప్పండి. డబ్బు పోయిందనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆ నంబరు కూడా పేరు పెట్టి ఆవిడ ఫోన్‌లో దాచండి.

సంఘం పుస్తకం ఈ నెల ఎవరు రాస్తున్నారో కనుక్కుని, ఒక్క పేజీ అయినా ఆవిడ చేత రాయించండి, తప్పులు పోయినా పర్లేదు, అంకెలు సరిగ్గా ఉంటే చాలు. ఒత్తులు తర్వాత చూసుకోవచ్చు.